అభ్యంతరాలకు ఆఖరి తేదీ

దీపస్తంభానికి కట్టిన పసుపు కాగితం.
ప్లాస్టిక్ తొడుగులోకి వాన దిగి
సగం అక్షరాలు ఉబ్బిపోయాయి.
మిగిలిన సగం చాలు:
హెరన్ వాలు మీద అరవై నాలుగు ఇళ్ళు.
అభ్యంతరాలకు ఆఖరి తేదీ ఇరవై ఒకటి.

హెరన్ వాలుకి చెప్పుకోదగ్గ చరిత్రేం లేదు.
కోట కాదు, యుద్ధం జరిగిన చోటూ కాదు.
మోకాలెత్తు గడ్డి.
రెండు ఇనప గేట్లు, అందులో ఒకటి ఎప్పుడూ పడదు.
మంచు కురిస్తే పిల్లలు
బేకరీ ట్రేల మీద కూర్చుని జారతారు.
ఏప్రిల్‌లో ఒక వానంబాడి
కంటికి ఆనకుండా పైకెళ్ళి
ఊరంతటికీ వినబడుతుంది.
మా కుక్క డాబిన్‌ని పాతిపెట్టింది అక్కడే,
ముళ్ళపొద పక్కన. ఎవరినీ అడగలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు
ఈ లాంకషైర్ వీధుల్లో ఉత్తరాలు పంచాను.
ఇప్పుడు ఒక్క ఉత్తరం రాయాలంటే
నాకు చేతకావడం లేదు.

మెథడిస్ట్ హాల్లో మీటింగ్.
కంపెనీ మనిషి బూట్లకి బురద లేదు.
అతను గోడకి అంటించిన బొమ్మలో
మొహాల్లేని మనుషులు, బెలూన్ పట్టుకున్న పాప,
అన్ని కిటికీల్లోనూ ఎండ.
ఈ ఊరి బొమ్మలో వాన లేదంటే
గీసినవాడు ఈ ఊరు రాలేదన్నమాట.

ఎనిడ్ థ్రెల్‌ఫాల్ లేచింది:
డాక్టరు దొరకడానికి ఇప్పటికే మూడు వారాలు.
నుస్రత్ బజ్వా లేచింది:
మా మనవరాలి క్లాసు రేకు డబ్బాలో జరుగుతోంది.
ఓస్వాల్డ్ లేచి, ఏం చెప్పాలో మర్చిపోయి,
"ఆ పిట్ట..." అని కూర్చున్నాడు.
చప్పట్లు అతనికే ఎక్కువ.

అప్పుడు వెనక వరసలోంచి కెజియా.
చంకలో బిడ్డ, ఒంటి మీద ఇంకా
వృద్ధాశ్రమం డ్యూటీ యూనిఫాం.
"మావాడు పడుకునే గోడకి నల్లటి బూజు.
రాత్రంతా దగ్గుతాడు.
ఆ పిట్టకి ఇల్లుంది. సంతోషం."

ఎవరూ మాట్లాడలేదు.
కుర్చీలు మాత్రం కిర్రుమన్నాయి.
నాకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.
ఆరేళ్ళు
హౌసింగ్ ఆఫీసు గోధుమరంగు కవర్లు
ఆమె తలుపు కింద తోసింది నేనే.
పల్చగా ఉండేవి.
"లేదు" అనడానికి ఒక్క కాగితం చాలు.

ఇంటికొస్తుంటే ఎనిడ్ తోడొచ్చింది.
మా గేటు దగ్గర ఆగి, మామూలుగానే అంది:
"ఇది మా నాన్న ప్లమ్ తోట.
మీ ఇళ్ళు వద్దని అరవై ఎనిమిదిలో
సంతకాలు పోగుచేశాడు. నూట పన్నెండు."

ప్రతి వసంతంలోనూ మా పచ్చికలో
ఎర్రటి చిగురొకటి పొడుచుకొస్తుంది.
అదేమిటో ఎవరినీ అడక్కుండా
ఇన్నేళ్ళూ దాని మీద మిషన్ నడిపాను.
మా ఇల్లూ
ఒకరి అభ్యంతరం మీదే నిలబడి ఉంది.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద
నాలుగు కాగితాలు చింపాను.
అయిదోదాంట్లో నా కాళ్ళకి తెలిసింది మాత్రం రాశాను:
నవంబరులో కింది మూలకి వెళ్ళి చూడండి,
బూట్లలోకి నీళ్ళొస్తాయి.
నీరు పల్లమెరుగు. మీ ప్లాను ఎరగదు.
అక్కడ కడితే ఇంకో తల్లికి
ఇంకో బూజు గోడ ఇచ్చినట్టే.
పై రోడ్డున మూతపడ్డ తివాచీ మిల్లుంది,
కప్పు కూలి పదేళ్ళయింది, ముందు అది చూడండి.
మొదటి తాళంచెవి ఎవరికివ్వాలో
మీ దగ్గరున్న ఫైలుకే తెలుసు.

పిట్ట గురించి రాయలేదు.
రాయాల్సింది. చోటు మిగల్లేదు.

పోస్టు డబ్బా వీధి చివరే.
అయినా వాలు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాను.
గేటు దగ్గరికి లాగాను, అలవాటుగా.
అది మళ్ళీ తెరుచుకుంది,
దాని అలవాటుగా అదీ.