ఎడమకాలి పని

ఆడెనావ్‌లో వాన ఆగదు,
అలసిపోయి కాసేపు కూర్చుంటుంది.
అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం
చేతికర్ర టకటకలతో గేరియోన్ మా షెడ్డులోకి వచ్చాడు.
పేరులోనే గేరున్న మనిషి.

ముప్పై ఒక్కేళ్లు ఈ కొండదారుల మీద
కొత్త కార్లకు నడక నేర్పాడు.
ఆటోమేటిక్ అంటే ఆయన లెక్కలో లిఫ్టు.
"బొత్తాం నొక్కి పై అంతస్తుకి పొమ్మనడం డ్రైవింగా?" అనేవాడు.
మా అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారి మీగడ కట్టేదాకా అనేవాడు.

ఆయన కుడిపాదం ఒకటే, పనులు రెండు.
మునివేళ్లు బ్రేకు మీద,
మడమతో యాక్సిలరేటర్‌కి చిన్న తట్టు.
ఈలోపు ఎడమకాలు క్లచ్చు తొక్కి వదిలేది,
పాలు పొంగబోయే క్షణం తెలిసి
మంట తగ్గించే చెయ్యిలాగా.

మోకాలు పోయింది రేసులో కాదు.
అలా పోయుంటే చెప్పుకోడానికి ఒక మలుపు పేరైనా మిగిలేది.
నవంబరు గడ్డమంచులో
చెత్తడబ్బా వీధి చివరికి లాక్కెళుతూ పడ్డాడు.
ఇప్పుడది మడత పడదు.
తలుపు మూసి ఇటుకలు పేర్చేసిన గుమ్మం.

ఆ రోజు షెడ్డులో ఉన్నది ఎవరో పళ్లడాక్టరు కారు,
టైర్లు మార్చడానికి వచ్చింది.
"మార్చాక ఒకసారి తిప్పి చూడండి" అని తాళం ఇచ్చి వెళ్లాడు.
స్టీరింగు వెనక కుందేలు చెవుల్లాంటి రెండు రెక్కలు,
కింద రెండే పెడళ్లు.
"ఎక్కండి" అన్నాను.
తిట్టాడు. ఎక్కాడు.

ఏం చెప్పను.
రెప్ప వాలడం సగంలో ఉండగానే గేరు మారిపోయేది.
ఒక క్లచ్చు ఈ గేరుని పట్టుకుని ఉండగానే
రెండోది రాబోయే గేరుతో సిద్ధంగా నిలబడుతుంది,
మన కంచం ఖాళీ కాకముందే
గరిటె ముంచి ఎదురుచూసే వడ్డనవాడిలా.
తడిరోడ్డు మీద ఆ కారు ఒక్క తప్పూ చెయ్యలేదు.
ఆయనా చెయ్యలేదు.

హోహె ఆఖ్ట్ దిగేటప్పుడు
రోడ్డు వదిలేసి ఆయన తొడ వైపు చూశాను.
గేరు మారిన ప్రతిసారీ
మడత పడని ఆ కాలిలో ఒక కండ
బిగుసుకుని వదులయ్యేది.
అక్కడ లేని పెడల్‌ని తొక్కుతోంది.

తిరిగొచ్చి ఇంజను ఆపాక
చాలాసేపు దిగలేదు.
"బాగుంది" అన్నాడు.
కాసేపాగి, కోపంగా,
"ఇంత బాగుండాల్సిన అవసరం ఏమొచ్చింది దీనికి?"

వెనక, దుప్పటి కింద, ఆయన పాత కారు.
ఐదు గేర్లు. పిడి మీద అంకెలు అరిగిపోయి
నున్నటి తెల్ల గుండు మిగిలింది.
"లియోబా, నువ్వు నడుపు.
క్లచ్చు నీది, గేరు నాది."

పక్కసీట్లో కూర్చున్నాడు.
ఇన్నేళ్లూ కుడిచెయ్యి చేసిన పని
ఎడమచేతికి అప్పగించాడు. అది కొత్త పనివాడిలా తడబడింది.
"మూడు" అంటాడు.
తొక్కుతాను. ఆలస్యంగా తొక్కుతాను.
పళ్లు పళ్లకి తగిలి కారు కరకరమంటుంది.
"నిద్రపోతున్నావా?"
"మీరు గొణగకుండా చెప్పండి."
మళ్లీ కరకర.
రోడ్డు పక్క ఆవులు మేత ఆపి మావైపు చూశాయి.

పాత రంపపు మిల్లు దగ్గర మలుపులో
ఆయన ఏమీ అనలేదు.
ఇంజను గొంతు సన్నబడడం ఇద్దరం విన్నాం.
నా కాలు దిగింది, ఆయన చెయ్యి కదిలింది.
చప్పుడు లేదు.
వెన్నలో కత్తి దిగినట్టు గేరు పడింది.
ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు,
మలుపు ఇంకా అయిపోలేదు కదా.

నాలుగో గేరు మళ్లీ కరకరలాడింది.
అద్దం మీద మొదటి చినుకు.
వాన లేచి నిలబడింది.