గేటు పక్క మచ్చ

మొదట కుక్కని అనుమానించాను.
పక్కింటి వరహాలరావు గారి బ్రౌనీ
రోజూ గోడ దూకి వచ్చి
మా లాన్ మీద సంతకం పెట్టి పోతుంది.
కానీ కుక్క మచ్చకి చుట్టూ ముదురు పచ్చ అంచుంటుంది.
దీనికి అంచు లేదు. మూడడుగుల మేర ఉత్త పసుపు.
బ్రౌనీకి మనసులోనే క్షమాపణ చెప్పాను.

తర్వాత పురుగు.
వేరుపురుగైతే గడ్డి చాపలా చుట్టుకుని లేచొస్తుందని
కంటోన్మెంటు నర్సరీ కుర్రాడన్నాడు.
పిడికెడు పట్టి లాగాను.
కిటికీ సీటు పట్టినవాడిలా
కదల్లేదు.
సబ్బునీళ్ళు పోస్తే పైకొచ్చినవి
రెండు వానపాములు.
వాటికీ క్షమాపణ.

తర్వాత బూజు.
మా వీధికి కుళాయి రాత్రి తొమ్మిదికి.
రాత్రంతా తడిసిన ఆకు మీద
తెల్లారేసరికి సాలీడు నేసినట్టు తెల్లటి నూలు.
డ్రమ్ములో పట్టి, తెల్లవారుజామున పోశాను, నెల్లాళ్ళు.
మిగతాదంతా తేరుకుంది.
ఆ మూడడుగులు మాత్రం
విజయనగరం మే నెలంతా తన మీదే కాసినట్టు
అలాగే.

యూరియా సంగతి చెప్పకూడదు గానీ చెబుతాను.
జూట్ మిల్లులో ముప్పయ్యేళ్ళు తూకాలు రాసినదాన్ని,
చారెడు చాలన్నచోట దోసెడు వేశాను.
పసుపు కాస్తా గోధుమరంగైంది.

తుంగ పీకడానికి నెలకోసారి
గజపతినగరం బస్సులో వస్తుంది అసిరమ్మ.
ఆకు పట్టి లాగదు.
కొడవలి మొన లోపలికంటా దించి
నల్లటి గడ్డ, గడ్డకి తీగ, తీగకి ఇంకో గడ్డ,
తెగకుండా పూసలదండ లాగినట్టు లాగుతుంది.
"పైన కోసీసి ఊరుకుంటే దీనికి నవ్వులాటమ్మా.
ఒకటి తెగితే నాలుగు లేస్తాది."

ఆ రోజు తనే మచ్చ దగ్గర గొంతుక్కూర్చుంది.
కొడవలి దించింది.
రెండంగుళాలకే టంగుమంది.
"ఓలమ్మ."
చేత్తో మట్టి తోసింది.
బూడిదరంగు గచ్చు పెంకు.
ఒక పక్క ఇంకా బకెట్ అడుగు గుండ్రం.

కాసేపు ఏమీ అనలేదు.
"ఇది నానే పారబోసినాను."

మా ఇంటికి తట్ట మోసినవాళ్ళలో తనుందని
నాకు తెలీదు.
పదకొండేళ్ళ కిందట, స్లాబు రోజు,
వాన ఒక్కసారిగా దిగింది,
కలిపిన మాలు పాడైపోతోందని మేస్త్రి కేకలు,
ఇదిగో, ఇక్కడ, గేటు పక్కన.
"వానొచ్చిందని ఆ రోజు సగం కూలే ఇచ్చినారు."
ఎవరిచ్చారో అనలేదు.
మేస్త్రి చేతిలో నోట్లు లెక్కపెట్టింది నేనే.
ఆ పద్దు పాత పుస్తకంలో
నా గుండ్రటి దస్తూరీలో
ఉండే ఉంటుంది.

గునపం తెచ్చాను.
పెంకు మూడు ముక్కలై లేచింది.
కింద మట్టి నోరెండిపోయినట్టు తెల్లగా ఉంది.
మూరెడు తవ్వాం. గత్తం కలిపాం,
చంపావతి ఇసుక రెండు తట్టలు.
"కడియం నుంచి ఇంకో ముక్క తెప్పించనా?" అంటే
నన్ను వింతగా చూసింది.
"ఏలమ్మా? కాలవ గట్టున గరిక నేదేటి?"
కణుపు కణుపూ మట్టిలో నొక్కింది,
బొటనవేలితో, నారు నాటినట్టు.

సాయంత్రం కూలి ఇచ్చాను.
ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
"ఎక్కువున్నాది."
"లెక్క సరే" అన్నాను.
నావైపు చూసింది, నోట్లవైపు చూసింది,
కొంగున ముడేసుకుని
బస్సు టైమైపోయిందంటూ లేచింది.
చెప్పాల్సిన మాట
గేటు దగ్గరదాకా వచ్చి ఆగిపోయింది.

వానలు పడ్డాక గరిక పాకింది.
కార్పెట్ గడ్డికీ దానికీ రంగు కలవదు,
కాస్త ముతక, కాస్త నీలం.
వచ్చినవాళ్ళు ఇక్కడేదో మచ్చ పడిందండీ అంటారు.
అవునంటాను.
బ్రౌనీ మాత్రం పొద్దున్నే అక్కడ ఆగి
వాసన చూసి
పక్కకెళ్ళి కాలెత్తుతుంది.