రెండు చుట్లు పొట్టి

బ్రెజిల్ సరిహద్దు, రివేరా ఊరు,
పోలీసు ఠాణా వెనక గది. రేకుల మీద వాన.
నేలిదా పాత తువ్వాలు పరిచి
లెదెస్మా పిస్తోలు విప్పింది.

ఇన్నివేల గుళ్ళకోసారి స్ప్రింగు మార్చాలని రూలు.
ఆమె మాత్రం రిజిస్టరు కంటే
బొటనవేలినే నమ్ముతుంది.

పాతదాన్ని కొత్తదాని పక్కన పడుకోబెట్టింది:
రెండు చుట్లు పొట్టి.
విరగలేదు, తుప్పు లేదు,
అణిగి మణిగి ఉండి ఉండి
నిండా లేవడం మరిచిపోయిందంతే.

"ఇరవైరెండేళ్ళు. మనిషి మీద ఒక్కసారీ పేల్చలేదు తెలుసా"
గుమ్మంలో మాతే పీలుస్తూ లెదెస్మా.
"కాగితం మీదైనా అలుపు అలుపే."

కొత్తది చేతిలోంచి చటుక్కున ఎగిరి
ఫ్రిజ్ కిందికి దూరింది.
ఇద్దరూ మోకాళ్ళ మీద, చీపురుపుల్లతో,
వానని తిడుతూ, ఎందుకో.

చివరికి స్లయిడు లాగి వదిలింది. టక్కు.
మళ్ళీ లాగింది.
టక్కు.
చెవి ఒప్పుకుంది.

పాత స్ప్రింగు పాల మిఠాయి డబ్బాలోకి,
మిగతా వాటి మీదికి.
నేల మీదే ఉన్న లెదెస్మా లేవబోయి
నడుం పట్టుకుని సగంలో ఆగాడు.

డబ్బా మూత చేతిలోనే ఉంచుకుని
ఆమె అటే చూసింది.