గుర్తు తెలియని స్త్రీ గొంతు

సెయింట్ జాన్స్‌లో పొగమంచు దిగిన పొద్దున
విశ్వవిద్యాలయం నేలమాళిగలో
నేను టేపుల్ని కాలుస్తాను.

కాల్చడమంటే తగలబెట్టడం కాదు.
ఆపిల్ ఒరుగులు ఎండబెట్టే పెట్టె ఒకటి,
ఇంటిసామాన్ల కొట్లో చవగ్గా దొరికింది,
అందులో యాభై నాలుగు డిగ్రీల దగ్గర
ఎనిమిది గంటలు.
చెమ్మ పీల్చి జిగటెక్కిన రీళ్లు
కాస్త పొడిబారి, ఒక్కసారి,
మహా అయితే రెండుసార్లు
నోరు విప్పుతాయి.
ఆ తర్వాత వాటి మీద నాకే నమ్మకం లేదు.

పక్క గదిలో ఫిల్ములు పులుస్తున్నాయి.
తలుపు తీస్తే వెనిగర్ వాసన,
ఎవరో ఊరగాయ జాడీకి మూత పెట్టడం మరిచినట్టు.
డబ్బాలో వేసిన నీలం కాగితం ముక్క
ఆకుపచ్చకి తిరిగితే జబ్బు మొదలు,
పసుపైతే వరసలో ముందుకి జరపాలి.
వాటి సంగతి లియాండర్ చూసుకుంటాడు.
అతనికిప్పుడు ఆ వాసన తెలీదు.
చొక్కా గుమ్మం బయటే విప్పమంటుందట భార్య.

ఇవాళ్టి రీలు: 1973, అక్టోబరు.
ప్రభుత్వం డబ్బిచ్చి రేవుపల్లెల్ని ఖాళీ చేయించిన రోజులు,
ఇళ్లకి పీపాలు కట్టి
నీళ్ల మీద లాక్కుపోయిన రోజులు.
అజరయా పెన్నీ, జాలరి, డెబ్బై ఒకటి.
కాటలాగు అట్ట మీద కింద ఇంకో వరస:
గుర్తు తెలియని స్త్రీ గొంతు. వంటింటి చప్పుళ్లు.

అజరయా గుర్తులు చెబుతున్నాడు.
కాడ్ చేప ఎక్కడ పడుతుందో
సముద్రం మీద రాసుండదు కదా.
"చర్చి శిఖరం నల్లరాయి మీదకి రావాలి,
ఎలీ కొట్టం తలుపు కొండ చాటుకి పోవాలి,
అక్కడ ఆపు తెడ్డు."
అలా తొమ్మిది.
పదోదానికి గొంతు తగ్గించాడు.
"ఇది మా నాన్న నాకొక్కడికే చెప్పాడు.
ఆ మిషను కట్టెయ్యి బాబూ."
కట్టేశాడు ఆ విద్యార్థి, మర్యాదస్తుడు.
టక్.
మళ్లీ టక్ అనేసరికి
ఇద్దరూ వాన గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆ టక్‌ని కూడా నేను
సెకనుకి తొంభై ఆరు వేల ముక్కలుగా కోసి
మూడు చోట్ల దాచాను.
పదో గుర్తు ఎక్కడా లేదు.
చర్చి పడిపోయింది. కొట్టం లేదు.
ఆ మాటకొస్తే చేపా లేదు.

శుక్రవారం ఆయన మనవరాలు వెర్నా వచ్చింది,
ఫోర్ట్ మెక్‌మర్రీలో ట్రక్కు నడిపే మనిషి, సెలవు మీద.
ఆమె కోసం ఒక శుభ్రమైన ప్రతి చేసి ఉంచాను:
గరగర తీసేసి, కెటిల్ కూత తీసేసి,
పళ్లేల చప్పుడు, దగ్గు తీసేసి
తాత గొంతొక్కటీ తేరిన నీళ్లలా.
నా పనితనం చూపించుకుందామనే, అబద్ధమెందుకు.

రెండు నిమిషాలు విని హెడ్‌ఫోన్ తీసింది.
"నానమ్మ ఏది?"

అసలు ప్రతి పెట్టాను.
మూత జారింది. కుర్చీ జరిగింది. దగ్గు.
తాత నాలుగో గుర్తు చెబుతుంటే
వెనకనుంచి ఎవరో
"ఎలీది కాదు, ఆమోస్‌ది" అన్నారు,
పళ్లేలు కడగడం ఆపకుండానే.
ఆ ఫైలు నేను ఆరుసార్లు విన్నాను.
ఆ మాట నాకు చప్పుడు కిందే లెక్క.

పదోది ఆవిడకీ తెలిసుండేదా, అని అడిగాను.
వెర్నా నవ్వింది.
"తొమ్మిదీ దిద్దగలిగిన మనిషికి
పదోది తెలీదా? అడిగిందెవరు?"

కాటలాగు తెరిచి 'గుర్తు తెలియని' కొట్టేశాను.
డ్రుసిల్లా పెన్నీ.
ఒక్కో అక్షరం ఆమే చెప్పింది,
రెండు ఎల్‌లు, జాగ్రత్త, అని.

సాయంత్రం దూది పుల్లతో మిషను తల తుడిస్తే
గోధుమరంగు పొడి అంటింది.
ఏ మాట రాలిందో.
ఇంకా నాలుగు వేల రీళ్లున్నాయి,
విడిభాగాలు మూడు మిషన్లకే.
రేపటి పెట్టె మీద పెన్సిలు రాత:
పెళ్లి విందు, 1975. గాలి ఎక్కువ. మనుషులెవరో తెలీదు.
ఒరుగుల పెట్టెలో పెట్టి
వేడి తిప్పాను.