ఎరవు

సిరొంచల, ప్రాణహిత ఒడ్డున
రేకుల గుడిల, ఆదివారం
పాస్టరు ఎరవు గొడ్డలి కథ చదివిండు.
నదిల పడ్డ ఇనుము
కట్టెముక్క ఏయంగనే పైకి తేలిందట.

వెనక వరుసల యోనా తల వంచుకున్నడు.
మొన్న పడవ ఒరిగినప్పుడు
దుర్గం పోచం మోటరు మునిగింది గదా,
అదీ ఎరవే.
మూడు రోజులు పాతాళగరిగె, మూడు రోజులు ప్రార్థన.
ఒక పాత టైరు, ఎవలిదో చెప్పు దొరికినై.

"దేవునికి అసాధ్యం లేదు" అన్నరు అందరు.
మా చిన్నమ్మ రాహేలు మాత్రం
నా చెవిల గుసగుసలాడింది:
ఇనుము తేల్చుడు ఆయనకేం కష్టం?
నీళ్లు ఆయనయే, ఇనుము ఆయనదే.
పోచం మనసు పోచందాయె.

పొద్దుమూకి పోచం వచ్చిండు.
తిట్టిండు. చాయ తాగిండు. మళ్ల తిట్టిండు.
పోయెటోడు పోక, గడపకాడ ఆగి
"సగం ఇయ్యిరా,
అదీ పత్తి అమ్మినంక" అన్నడు.

ఇది అద్భుతమా అని
చిన్నమ్మను అడిగితే
చాయ గిలాసలు కడుక్కుంట కూసుంది.

యోనా ఆ రాత్రంత ఒడ్డునే ఉన్నడు.
నది ఏదీ తేల్చలే.
చీకట్ల ఒక చేప ఎగిరి పడ్డది, అంతే.