గోరంత

ఎనిమిదో నెల పడి పదకొండు రోజులు.
కార్డు మీది చుక్క
ఆకుపచ్చల నుంచి పసుపులకు జారింది.
"పాలొక్కటే ఇగ ఆగయమ్మా, బువ్వ అలవాటు చెయ్యి"
అని సులోచన టీచర్
బాలామృతం పాకిట్ చేతిల పెట్టింది.

అలవాటు కావాలంటే
ముందుగాల నోరు తెరువాలె గద.
కార్డుల తన్విక, ఇంట్ల కొంరవ్వ,
ఏ పేరుతోని పిలిచినా దాని నోరు
బందునాటి ఎనుమాముల యార్డు గేటే.

పెసరపప్పు దోరగ ఏంచి, నూకలు కలిపి
మెత్తగ ఉడికిచ్చి, గంటెతోని మెదిపి,
నెయ్యి చుక్కేసి
ఊది ఊది, నా పెదవికి ఆనిచ్చి చూసి
వేలి కొసన పెట్టిన.
మొఖం ముడిసింది. నాలికతోని అవుతలికి నూకింది.
ఆనక ఏడ్సింది.
అది ఆకలేడుపు కాదు, నాకెరుకే.
చెంప మీద ఎర్రగ మూడు గీతలు,
నా వేళ్లు.

కోల్డ్ స్టోరేజీ ముందట
పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దుగూకేదాక
తేజ కాయకు తొడిమె తీసే వేళ్లు.
తాలు ఒక దిక్కు, మంచిది ఒక దిక్కు,
కిలకు ఇంతని లెక్క.
సబ్బుకు పోదు. చల్లల నానబెట్టిన,
బెల్లం రుద్దిన, చింతపండు పిసికిన,
అత్త చెప్తే పిడక బూడిద గూడ.
రాత్రి పాలిచ్చేటప్పుడు
కొంగు చుట్టుకొని పడుతా బిడ్డను.
నిద్రల ముట్టుకుంటనేమోనని
చేతులు రెండు తల మీదికి పెట్టుకొని
దొరికిన దొంగ లెక్క పండుకుంటా.

చెంచతోని పెట్టిన.
చెంచను చిగుర్లతోని గట్టిగ పట్టుకున్నది,
బువ్వను ఇడిసిపెట్టింది.
ఓదేలు ఆటో ఆపి వచ్చిండు,
హారన్ సప్పుడు నోటితోని చేసుకుంట పెట్టిండు.
ఆయన చేతుల డీజిల్ వాసనకు నవ్వింది,
నవ్వుకుంటనే ఊంచింది.
గోడవుతలి ఖైరున్నిసా పాలసేమ్యా తెచ్చింది.
ఆలుగడ్డ, అరటిపండు, మక్కగట్క,
అన్నీ నా కొంగే తిన్నది.

మూడు రోజులు పనికి పోలె.
మూడు రోజుల కూలి, మేస్త్రి నోటి మాటలు అదనం.
మూడోనాటికి
నా వేళ్లు నేనే నాకి చూసిన.
కారం లేదు. ఉప్పు సుత లేదు.
ఎవలియో వేళ్ల లెక్క ఉన్నయ్.
పెట్టిన.
ఊంచింది.

కోపమొచ్చింది, అబద్ధమెందుకు.
గిన్నె నేలకేసి కొట్టిన.
అది దొర్లుకుంట పోయి మంచం కింద ఆగింది.
ఇన్నొద్దులు మిరపకాయ మీద ఏసిన నేరం
మిరపకాయది కాకపాయె.
మరెవలిది?

ఆ రాత్రి నా కంచం నేను పెట్టుకున్న.
జొన్నగట్క, ఇంత చల్ల పోసుకొని.
దాని దిక్కు చూడలె.
చూడొద్దనే చూడలె.
పాక్కుంట వచ్చింది.
నా మోకాలు మీద బోర్ల పడి
కంచంల చెయ్యి పెట్టింది, ఐదు వేళ్లు,
అడుగుడు లేదు, బతిమాలిచ్చుకొనుడు లేదు.
పిసికింది. ముక్కుకు పూసుకున్నది.
చెవుకు పూసుకున్నది, నాకు పూసింది.
ఆఖరికి ఒక్క పలుకు
తొవ్వ ఎరుకున్న చీమ లెక్క
నోట్లెకు పోయింది.

దవడ కదిలింది.
ఆగింది.
మల్ల కదిలింది.
గొంతుల మింగుడు కనపడ్డది.
అప్పుడు తెలిసింది
నేను నోరు తెరుచుకొనే ఉన్ననని,
నెల దినాల సంది "ఆఁ" అనుకుంట
దానికి చూపెట్టిన నోరే.

తెల్లారి పనికి పోయిన.
కుప్ప చుట్టు కూసున్నోళ్లు అడిగిండ్రు.
"ఏమన్న తిన్నదా పోరి?"
"తిన్నది."
"ఎంత?"
చిటికెన వేలు గోరు చూపెట్టిన.
అది అప్పటికే ఎర్రబడ్డది.