తలకట్టు లేని భాష

ఛత్తా బజార్‌లో శుభలేఖల ప్రెస్సు మాది.
రైల్వే ఆడిట్ ఆఫీసు అయ్యాక హనోక్ కిహీంకర్ సార్
కాతిబ్ మునవ్వర్ సాబ్ పక్కన వచ్చి కూర్చునేవారు,
మోకాలి మీద నోటుబుక్కు.
ఇద్దరూ కుడి నుంచి బయల్దేరేవాళ్ళు,
నేనొక్కణ్ణే ఎదురొచ్చేవాణ్ణి.

"ఏం రాస్తారు సార్?"
"హీబ్రూలో పద్యాలు. ఈ ఊళ్ళో చదివేవాడు ఒకడుండేవాడు.
మొన్న ముసుర్లో వాణ్ణీ మట్టి చేసొచ్చాను"
అన్నారు, సాసర్లో చాయ్ ఒంపుకుంటూ.

అచ్చులు రాయరట ఆ భాషలో.
తలకట్టు లేదు, గుడి లేదు, కొమ్ము లేదు,
ఉత్త ఎముకలు.
మరి చదవడమెట్లా అంటే
"ఎదుటివాడి ఊపిరి అప్పు తెచ్చుకోవాలి" అని నవ్వారు.
అప్పు పుట్టని ఊళ్ళో నలభై ఏళ్ళు రాశారు.

శుక్రవారం పొద్దుగుంకితే కలం మూత పడాల్సిందే,
పాదం సగంలో ఉన్నా సరే.

ఆయన పోయాక నోటుబుక్కు నాకొచ్చింది.
అలవాటుకొద్దీ మన వైపు నుంచి తెరిచాను.
ఖాళీ.
ఇంకో కాగితం, ఖాళీ.
ఇంతేనా అనుకుంటుండగా నడిమధ్యన ఎదురైంది
సగంలో ఆగిన పాదం.
శుక్రవారమై ఉంటుంది.

చదవడం రాదు నాకు.
మొహం దగ్గరకు తెచ్చుకుని
దాని మీద ఊపిరి వదిలాను,
కళ్ళజోడు తుడుచుకునే ముందు వదిలినట్టు.